అద్దె పుస్తకాల అంతరిక్షం

మెదక్‌లో మేం పుస్తకాలు అద్దెకు తెచ్చుకున్న దుకాణంలో సైన్స్ ఫిక్షన్‌కు వేరే అర లేదు. రాందాస్ చౌరస్తాకు దగ్గర్లో ఉన్న ఆ ఇరుకు గదిలో పుస్తకాలు మూడే రకాలు: లవ్వు, డిటెక్టివు, దయ్యాలు. ఆకాశనౌకలున్న నవల వస్తే యజమాని అట్ట చూసేవాడు. అట్ట మీద అమ్మాయి ఉంటే లవ్వు. మెరిసే కళ్లతో వికారమైన ఆకారం ఉంటే దయ్యాలు. రెండూ ఉంటే (చాలాసార్లు రెండూ ఉండేవి) రచయిత పేరు చూసి, పెద్ద పేరైతే బల్ల మీదే ఉంచుకునేవాడు. వాటికి రోజుకు రూపాయి, మిగతావాటికి యాభై పైసలు.

నవ్వొచ్చే వర్గీకరణే. కానీ తెలుగు పాపులర్ నవల చరిత్ర కొంచెం తెలిసినవాళ్లెవరూ దీన్ని కొట్టిపారేయరు. మన దగ్గర సైన్సు నవల్లోకి సొంత కాళ్ల మీద నడిచి రాలేదు. ప్రేమకథ చెయ్యి పట్టుకునో, దయ్యం వీపునెక్కో వచ్చింది. అందుకే దాని మొహం మీద ఆ రెండింటి పోలికలూ ఉంటాయి.

నాకు ఆ నవలలంటే ఇష్టం. అప్పుడూ ఇష్టమే, ఇప్పుడూ ఇష్టమే. లోపాలు కనపడక కాదు, కాసేపట్లో వాటి సంగతికీ వస్తాను. ‘గిల్టీ ప్లెజర్’ అని ఈ మధ్య అందరూ వాడుతున్న మాట మాత్రం నాకు పడదు. ఇష్టపడుతూనే మనం వాటికన్నా పైమెట్టు మీద ఉన్నామని చెప్పుకునే మాట అది. ఆ నవలల్లోని ‘అతి’ని కాస్త చరిత్రలో పెట్టి చూస్తే, అది ఎవరి కోసం తయారైందో తెలుస్తుంది.

ప్రేమకూ యంత్రానికీ మన దగ్గర చుట్టరికం పాతదే. 1957 నాటి ‘మాయాబజార్’లో ప్రియదర్శిని పెట్టెను తల్చుకోండి. తెరిచినవాళ్లకు ఎవరంటే ప్రాణమో వాళ్లు కనిపిస్తారు. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు. చూసుకోవడమే కాదు, ఎక్కడివాళ్లక్కడుండి పాట కూడా పాడుకుంటారు. వీడియో కాల్‌కు ఇంతకన్నా ముద్దొచ్చే ముత్తాత ఏ భాషలో ఉంటాడు? ఆ సినిమాకు కె.వి.రెడ్డి దగ్గర సహాయ దర్శకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావే, 34 ఏళ్ల తర్వాత 1991లో ‘ఆదిత్య 369’ తీశారు. అందులో పెట్టె పెద్దదై కాలయంత్రం అయింది. హీరో హీరోయిన్లను 1526లోని కృష్ణదేవరాయల కొలువుకూ, ఆ తర్వాత 2504కూ తీసుకుపోయింది. ఇంకా వెనక్కి పోదామంటే 16వ శతాబ్దంలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ ఉంది. ఒకరి రూపం ఇంకొకరు వేసుకుని ప్రేమించడం, బ్రహ్మ సరస్వతికి సరదాగా చెప్పిన కథ తర్వాతి కాలంలో నిజమై కూర్చోవడం, అబ్బో, ఆ మెలికల ముందు మన అద్దె నవలలు ఎంత. అతిశయం తెలుగు కథకు అంటుకున్న జబ్బేమీ కాదు, దాని కండపుష్టే అది.

సరే, 1980లకు వద్దాం. అంతకు ముందు పదేళ్లలో ఆకాశం మన ఊళ్ల మీదకు ఎలా దిగిందో చూడండి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు వచ్చాయి. పట్నాల్లో చాలామంది టీవీ మొహం చూడకముందే పల్లెటూళ్లో రచ్చబండ దగ్గర ఉపగ్రహ ప్రసారం. 1979 జూలైలో స్కైలాబ్ పడింది. మా మీదే పడుతుందని భయపడి ఊళ్లకు ఊళ్లు కోళ్లనూ మేకలనూ కోసుకుతిన్న కథలు తెలంగాణలో ఏ ముసలివాళ్లను కదిపినా వస్తాయి. అది చివరికి పడింది హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి కొసన. కోళ్లు మాత్రం తిరిగి రాలేదు. 1984లో రాకేశ్ శర్మ. 1986లో హేలీ తోకచుక్క. ఇన్ని జరుగుతుంటే వాటి గురించి తెలుగులో చదవడానికి ఏముండేవి? నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’, మహీధర నళినీమోహన్ పుస్తకాలు. రెండూ బంగారమే. కానీ మా అద్దె దుకాణం దాకా అవి రాలేదు. వచ్చినవి వారపత్రికల సీరియళ్లు, తర్వాత వాటినే కుట్టి అట్ట వేసిన నవలలు.

సీరియల్ అనే యంత్రం ఎలా నడుస్తుందో అర్థమైతే సగం ‘అతి’ అక్కడే అర్థమైపోతుంది. వారానికి నాలుగైదు పేజీలు. పోయినవారం ఏమైందో మర్చిపోయినవాళ్లకు గుర్తు చెయ్యాలి. వచ్చేవారం దాకా ఊపిరి బిగబట్టించాలి. ఇంట్లో పత్రిక కొనేది ఒకరు, చదివేది ఆరుగురు. ప్రేమ కావాల్సినవాళ్లకు ప్రేమ, భయం కావాల్సినవాళ్లకు భయం దొరకాలి. ఈ పరిస్థితుల్లో ఏ రచయితైనా హీరోను మెల్లగా కాఫీ తాగనివ్వడు. ఆ కాఫీలో సైనైడ్ ఉండితీరాలి.

అప్పటికే హీరో నమూనా ఒకటి తయారుగా ఉంది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో రాజశేఖరం అనే మనిషి 1960ల నుంచీ మన పాఠకుల గుండెల్లో కారు నడుపుతూనే ఉన్నాడు. పొడుగు, డబ్బు, పొగరు, లోపలెక్కడో మెత్తదనం. సైన్స్ రొమాన్సు వచ్చినప్పుడు ఆ మనిషే కారు దిగి రాకెట్ ఎక్కాడు. చొక్కా బదులు స్పేస్ సూటు, అంతే. పొగరు అలాగే ఉంది.

ఈ రకం రచనలో దిట్ట ఎవరంటే యండమూరి వీరేంద్రనాథ్ పేరే చెప్పాలి. ‘చీకట్లో సూర్యుడు’ అచ్చమైన అంతరిక్ష నవల. ‘యుగాంతం’లో ప్రపంచం ముగిసిపోబోతోందని తెలిశాక మనుషులు ఎవరికి ఎవరవుతారన్నది ప్రశ్న. ‘ఆనందోబ్రహ్మ’ భవిష్యత్తులో మొదలై గోదావరి ఒడ్డున ప్రేమకథలోకి జారుతుంది. మూడింట్లో సైన్సు పాత్ర ఒకటే. రోజువారీ బతుకులో పైకి అనలేని మాటలు అనడానికి మనుషుల్ని ఒక కొసకు తీసుకెళ్లి నిలబెట్టడం. రేపు భూమి ఉండదంటే ఇవాళ ఎవరి దగ్గరికి వెళ్తావు? పెళ్లి సంబంధాల్లో కట్నం లెక్కలు తప్ప ప్రేమ ప్రసక్తి లేని ఇళ్లల్లో, ఆ ప్రశ్న అడగాలంటే భూమి బద్దలవ్వక తప్పేది కాదు. చిన్న కారణానికి అడిగితే తన్నేవాళ్లు.

నేను ఆ పుస్తకాలు చదివినదానికన్నా చదివి వినిపించింది ఎక్కువ. మా చిన్నమ్మ పదో తరగతి పాసైన ఏడాదే పెళ్లయింది. మధ్యాహ్నాలు వాకిట్లో ఇంకో ముగ్గురు ఆడవాళ్లతో కూర్చుని బీడీలు చేసేది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపి కత్తిరించిన తునికాకు. వెయ్యి బీడీలకు ఇంతని కూలి, కాబట్టి చెయ్యి ఆగితే నష్టం. కళ్లూ చేతులూ బీడీకి అమ్ముడుపోయాయి. చెవులు ఖాళీ. బడినుంచి రాగానే నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి, “నిన్న ఆడ ఆపినవ్ గదా, సదువు బిడ్డా” అనేది.

క్యూబాలో చుట్టల కార్ఖానాల్లో 1860ల నుంచి పనివాళ్లు తమ కూలీలోంచి డబ్బులేసుకుని, నవలలు చదివి వినిపించడానికి ఒక మనిషిని పెట్టుకునేవాళ్లని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అక్కడ ద్యుమా నవల ఎంత నచ్చిందంటే మాంటెక్రిస్టో అనే పేరు ఒక చుట్టల బ్రాండుకే ఎక్కింది. మా వాకిట్లో నాకు జీతం లేదు. పల్లీలు పెట్టేవాళ్లు.

పొగాకు ముందు కూర్చున్నవాళ్లకు పైకి చదివితే ఏ వాక్యం నిలబడుతుందో ఏది కూలుతుందో వెంటనే తెలిసిపోతుంది. నెమ్మదిగా లోపలికి తవ్వుకుంటూ పోయే గొప్ప వాక్యాలు ఆ వాకిట్లో నిలవలేదు. బడి లైబ్రరీ నుంచి ఒకటి రెండు మంచి నవలలు తెచ్చి చూశాను, పది నిమిషాల్లో మాటలు బియ్యం ధర మీదకు పోయాయి. అదే ఆకాశనౌకలో ఆక్సిజన్ నలభై నిమిషాలకే సరిపోతుందని, ఉన్నది ఇద్దరని, ఒకరే బతకగలరని చదివినప్పుడు కత్తెరల చప్పుడు తగ్గింది. కొట్టొచ్చినట్టు రాసిన వాక్యం, ఒకే సంగతిని మూడుసార్లు చెప్పడం, అధ్యాయం చివర ఉరుము. అచ్చులో చూస్తే మోటు. చెవిన పడితే అది ఒగ్గు కథ పట్టు.

వాళ్లు విన్నదంతా నమ్మేవాళ్లని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కాంతి సంవత్సరం అన్న మాట వచ్చినప్పుడు చిన్నమ్మ ఆపింది. “సంవత్సరం అంటున్నరు, గది టైమా, దూరమా?” సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుందని పుస్తకంలో ఉన్నది చదివాను. మెదక్ నుంచి హైదరాబాద్‌కు ఎంత? ఇంచుమించు వంద. పక్కన కూర్చున్నామె వేళ్ల మీద లెక్క కట్టింది. ఒక్క సెకనులో మూడు వేల సార్లు హైదరాబాద్! మన బస్సుకు ఒక్కసారి పోవడానికే పొద్దంతా. నలుగురూ కడుపు పట్టుకుని నవ్వారు. రాకెట్ ఎంత ఎత్తుంటుందని ఇంకోసారి అడిగితే చర్చి గోపురం చూపించాను. మెదక్ చర్చి గోపురం దాదాపు 175 అడుగులు. చంద్రుడి మీదకు మనుషుల్ని పంపిన శాటర్న్ రాకెట్ 363 అడుగులు. అంటే చర్చి మీద చర్చి పెట్టి, ఆపైన ఇంకొంచెం. ఇదంతా పాఠ్యపుస్తకంలో ఉండే ఉంటుంది. కానీ పాఠ్యపుస్తకం చిన్నమ్మ చేతిలోంచి పదహారో ఏట పోయింది. ఈ అతి నవల ఒక్కటే ఆమెను వదల్లేదు.

లోపాలు చెప్తానన్నాను కదా. మొదటిది సైన్సే. శూన్యంలో పేలుళ్లు చెవులు చిల్లులు పడేలా వినిపిస్తాయి. ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి ఫోన్ చేస్తే మెదక్ నుంచి సిద్దిపేటకు చేసినదానికన్నా తొందరగా కలుస్తుంది. వీటిని నేను పెద్దగా లెక్కచెయ్యను. రెండోది క్షమించడం కష్టం. హీరోయిన్‌కు రెండు డాక్టరేట్లు ఉంటాయి. అణుభౌతికశాస్త్రం ఆమెకు కొట్టిన పిండి. కానీ ప్రమాదం రాగానే హీరో గుండెల మీద వాలి ఏడుస్తుంది, ఆ గుండెలే ఆమెకు తట్టని ఫార్ములాను చెప్తాయి. మధ్యలో రచయిత ఆగి, ఆడవాళ్ల మనస్తత్వం ఇలా ఉంటుందని ఒక సూక్తి చెప్పి ముందుకు పోతాడు. అక్కడ మా వాకిట్లో గొడవే అయ్యేది. “గంత సదువుకున్నది గిట్ల ఏడుస్తదా? మనమే ఏడుస్తలేం గదా” అని ఒకామె బీడీ కట్ట విసిరింది. విమర్శ అంటే అదే. ఎవరూ వాళ్లకు నేర్పలేదు.

మూడోది భాష. అందులో నాకు కొంచెం మంట, కొంచెం సరదా. ఆ నవలల్లో మా ఊరి యాస మాట్లాడే మనిషి కనపడితే వాడు పనివాడో, రౌడీయో, నవ్వించడానికి వచ్చినవాడో అయ్యేవాడు. శాస్త్రవేత్త కాడు, ప్రేమికుడు అసలే కాడు. చివరికి కోట్ల మైళ్ల అవతల నుంచి వచ్చిన గ్రహాంతరవాసి కూడా నోరు తెరిస్తే శుద్ధమైన కృష్ణా, గుంటూరు తెలుగే. ఇంత దూరం వచ్చినవాడు దారిలో తూప్రాన్ దగ్గర ఒక్కసారైనా ఆగలేదా అనిపించేది. అందుకని చదువుతూ చదువుతూ నేనే మార్చేసేదాన్ని. కమాండర్ “ఏమైంది?” అంటే నా నోట్లో “ఏమైందిరా భయ్” అయ్యేది. మా చిన్నమ్మ వాళ్లు విన్న అంతరిక్షం నిండా మెదక్ మనుషులే. ఏ ప్రచురణకర్తా వెయ్యని ఆ కూర్పును నలుగురే విన్నారు.

ఇక దయ్యాల సంగతి. ఆ అరలోనే ‘తులసిదళం’ ఉండేది. 1980ల మొదట్లో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో వచ్చి రాష్ట్రమంతా నిద్ర చెడగొట్టిన నవల. చేతబడినీ వైద్యాన్నీ పక్కపక్కన నడిపిస్తుంది. అప్పట్లో విమర్శకులు దీన్నీ ఇలాంటివాటినీ కలిపి ‘క్షుద్ర సాహిత్యం’ అన్నారు. రంగనాయకమ్మ ఘాటుగా రాశారు, వ్యవహారం కోర్టుల దాకా పోయింది. హైదరాబాద్ స్నేహితులు కొందరు ఆ గొడవను ఇప్పుడు తల్చుకుని, ఆ రోజుల్లో విమర్శకులకు హాస్యప్రియత్వం తక్కువని నవ్వుతుంటారు. మెదక్ వాళ్లం అలా నవ్వలేం. బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల పళ్లు రాలగొట్టడం, చంపేయడం మా వైపు ఊళ్లకు తెలియని విషయం కాదు. అలాంటి చోట చేతబడి నిజంగా పనిచేసినట్టు ఊపిరి బిగబట్టించి రాయడం ఒట్టి కాలక్షేపం కాదు. మా వాకిట్లో ఆ పుస్తకం చదివిన వారం ఎవరూ లెక్కలు వెయ్యలేదు, నవ్వలేదు. చీకటి పడకముందే ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. చిన్నమ్మ ఒక్కటే, మా వీధి చివర ఒంటరిగా ఉండే ముసలామె పేరు చెప్పి, “రేపటి నుంచి ఆమెను గూడ పిలుద్దాం, ఒక్కతే ఉంటది” అన్నది. ఆమె ఎందుకన్నదో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆమెను పిలిచారు, వచ్చింది. మర్నాడు ఆ పుస్తకం సగంలో ఆపి ఆకాశనౌకది తెమ్మన్నారు.

కాబట్టి క్షుద్రం అన్న గంపగుత్త మాటలో నాకు పేచీ ఉన్నది ఒక్కచోటే. రాకెట్ అతినీ చేతబడి అతినీ ఒకే గాటన కట్టడం. శూన్యంలో పేలుడు వినిపించిందని నమ్మినవాడు ఎవరి పళ్లూ రాలగొట్టడు. దుకాణం యజమాని రెంటినీ ఒకే అరలో పెట్టాడంటే ఆయనకు జాగా లేదు. విమర్శకులకు జాగా ఉండాల్సింది.

ఇది మన ఒక్కరి కథ కూడా కాదు. ఎడ్గార్ రైస్ బరోస్ 1912లో పత్రికలో సీరియల్‌గా రాసిన కుజగ్రహం కథ చూడండి. అమెరికా సైనికుడొకడు ఎలా పోయాడో సరిగ్గా చెప్పకుండానే కుజుడి మీద తేలి, అక్కడి రాకుమారిని ప్రేమిస్తాడు. ఆమె గుడ్లు పెట్టే జాతి. దానివల్ల ప్రేమకు ఏ ఆటంకమూ రాదు. ఆ కథలు చదివి పెరిగినవాళ్లలో కార్ల్ సేగన్ ఒకడు. చిన్నప్పుడు ఆరుబయట చేతులు చాపి, తననూ కుజుడి మీదకు తీసుకుపొమ్మని వేడుకున్నాడట. పెద్దయ్యాక ఆ గ్రహం మీదకు నౌకలు పంపిన పనిలో ఉన్నాడు.

విచిత్రం ఏమిటంటే, మేం అంతరిక్షం కోసం అద్దె పుస్తకాలు వెతుక్కుంటున్న రోజుల్లో అసలైన సైన్సు మా జిల్లాలోనే ఉంది. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది, ప్రపంచం నలుమూలల శాస్త్రవేత్తలు మా జొన్న గింజల్ని లెక్కపెడుతున్నారు. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్. ఎద్దుమైలారంలో 1984 నుంచి యుద్ధశకటాల ఫ్యాక్టరీ. నేను చదివిన ఏ నవలలోనూ హీరో జొన్నల మీద పరిశోధన చెయ్యలేదు. చెయ్యొచ్చు కదా? కంకికి తెగులు సోకితే దేశం ఆకలితో పోతుంది, వారం రోజులే గడువు, ప్రయోగశాలలో ఇద్దరే ఉన్నారు. నలభై నిమిషాల ఆక్సిజన్ కన్నా ఏం తక్కువ?

ఇప్పుడు తెలుగు సైన్స్ ఫిక్షన్ ఒళ్లు తగ్గించుకుంది. అనిల్ ఎస్. రాయల్ ‘నాగరికథ’ లాంటి కథలు చదివితే కాలప్రయాణపు లెక్క ఎక్కడా తప్పదు. ముడి విప్పుకోవడానికి రెండోసారి చదవాలనిపిస్తుంది. ‘కల్కి 2898 ఏడీ’ వచ్చాక అంత డబ్బు పోసి మన భవిష్యత్తును మనమే చూసుకోగలమని తేలింది. రెండూ నాకు నచ్చాయి. అయితే అనిల్ కథను వాకిట్లో చదివి వినిపించలేం, అది కంటి కోసం రాసింది. చేతులు పనిలో ఉన్నవాళ్లకు ఇప్పుడు చెవులకెక్కేది ఏదంటే సెల్‌ఫోన్‌లో సీరియల్. అందులో అత్తాకోడళ్లు ఉన్నారు, రాకెట్టు లేదు.

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది. పరికరాలు కట్టిన పెద్ద పెద్ద బెలూన్లను పై వాతావరణంలోకి వదులుతారు. అవి చుట్టుపక్కల జిల్లాల పొలాల్లో దిగుతాయి, ముట్టుకోవద్దని ముందే ప్రకటిస్తారు. 2022 డిసెంబర్‌లో అలా వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో ఏకంగా మనిషి పట్టేంత గుండ్రటి క్యాప్సూల్ దిగింది. మనుషుల్ని పైకి విహారానికి తీసుకెళ్లాలనుకుంటున్న స్పెయిన్ సంస్థ ఒకటి చేసిన పరీక్ష అది. గ్రహాంతరవాసుల నౌకేమోనని జనం ఎగబడ్డారు. వాట్సాప్‌లో ఫొటో రాగానే చిన్నమ్మకు పంపాను. ఆమెకు ఇప్పుడు అరవై దాటాయి, బీడీలు మానేసి చాలా ఏళ్లయింది, దగ్గు మాత్రం మిగిలింది. వెంటనే ఫోన్ చేసింది.

“లోపట ఎవలన్న ఉన్నరా?”

“లేరు చిన్నమ్మా. ఖాళీదే పంపిండ్రు, పరీక్షకు.”

కాసేపు మాట్లాడలేదు. టీవీ చప్పుడు వినిపిస్తోంది.

“ఇద్దరిని పంపాల్సుండె,” అన్నది.